పేరు తెలియని రేకు డబ్బా

మొన్న మా దుకాణం ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్ బాగు చెయ్యడానికి వచ్చిన లైన్‌మన్, కింద స్విచ్చు హ్యాండిల్‌కి ఎర్ర రేకు బోర్డొకటి తగిలించాడు. ఊడి పడదు కదా అని లాగి చూసుకుని, ఆ తర్వాతే నిచ్చెన ఎక్కాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో గల్లీ అంతా కరెంటు కోసం సణుక్కుంటోంది. నేను మాత్రం ఆ రేకు వంకే చూస్తూ కూర్చున్నాను. నాకు అవ్వ గుర్తొచ్చింది. ఆమె పోయి ఇన్నేళ్ళయినా ఎర్ర రేకు కనపడితే చాలు, చేతిలో పని ఆగిపోతుంది.

ఆమె నాకు చుట్టం కాదు. గిరాకీ అని కూడా చెప్పలేను. తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు, నేను గోదావరిఖనిలో కంప్యూటర్ రిపేరు దుకాణం పెట్టుకున్న కొత్తలో, ఒకరోజు గొడుగు మూసుకుంటూ లోపలికొచ్చింది. పొట్టి మనిషి. నీలం పూల తెల్ల చీర, నల్లదారంతో మెడకు వేలాడే కళ్ళద్దాలు. బల్ల మీద నేను విప్పి పెట్టిన డబ్బాలన్నీ వంగి వంగి చూసి, కొట్టు బాగా లేదన్నట్టు మూతి తిప్పింది.

“కంప్యూటర్ల డాక్టరువు నువ్వేనా?”

“రిపేరు చేస్త అవ్వా. ఏమైంది?”

“రిపేరు గాదు. లోపలి సామానుకు పేర్లు చెప్పొస్తదా నీకు?”

నాకు నవ్వొచ్చింది. ఆ పని మీదే బతుకుతున్నానని చెప్పి, పట్టుకొని రమ్మన్నాను.

“మంచం మీదున్న పేషెంటును ఎవలన్న మోసుకొస్తరా? డాక్టరే రావాలె,” అంది. అని, నా జవాబు కోసం ఆగకుండా ఇంటి గుర్తులు చెప్పేసి గొడుగు విప్పుకుంది. బొగ్గుగనుల కంపెనీ దవాఖానలో ఆయాగా చేసి రిటైరైందని తర్వాత తెలిసింది. వార్డులో డాక్టర్లతో కూడా అట్లాగే మాట్లాడి ఉంటుంది.

వెళ్ళాను. వెళ్ళకపోతే మళ్ళీ వచ్చి నిలబడేట్టుందని వెళ్ళాను. నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గని పక్కన కాలనీలో రెండు అర్రల ఇల్లు. గోడ మీద బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు, దాని పక్కన ఒక మగమనిషి ఫోటో. కిటికీ దగ్గర బల్ల మీద క్రోషా అల్లిక గుడ్డ కప్పి ఏదో ఉంది. గుడ్డ తీసింది. నేను అటువంటి కంప్యూటరు అంతకు ముందు ఫోటోల్లో తప్ప చూడలేదు. మానిటర్ లేదు, డబ్బా లేదు. మందంగా ఉన్న కీబోర్డు ఒక్కటే. అదే కంప్యూటరు. నేను పలకా బలపం పట్టుకున్న రోజుల్లో, డబ్బున్న ఇళ్ళలో టీవీకి తగిలించుకుని, టేపు రికార్డర్‌తో ఆటలు ఎక్కించుకుని ఆడుకునేవాళ్ళట.

ఆమె భర్త బాయిలో, అంటే భూమి కింది బొగ్గుగనిలో, ఎలక్ట్రీషియన్. బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరు ఇల్లు ఖాళీ చేస్తూ, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మీరేమైనా చేసుకోండి అని ఇచ్చేసి పోయాడు. అది ఏళ్ళ తరబడి అటక మీద పడుంది. రిటైరైన తర్వాత ఆయన దాన్ని దింపాడు. ఊరికే ప్లగ్గు పెట్టి చూసే మనిషి కాదాయన. ముందు మూత విప్పి, లోపల ఏ సామాను ఏమిటో ఒక్కొక్కటే తెలుసుకుని, దవాఖాన తెల్ల ప్లాస్టరు ముక్క మీద పేరు రాసి పక్కన అంటించుకుంటూ పోయాడు. “పేరు తెల్వకుంట ముట్టుడు లేదు, ముట్టకుంట కరెంటు ఇచ్చుడు లేదు” అనేవాడట. పెళ్ళికి ముందు రైసుమిల్లులో పని చేస్తుంటే, ఎవడో చూసుకోకుండా స్విచ్చు వేసి ఆయన రెండు వేళ్ళు కాల్చాడు. అప్పటి నుంచి అంత చాదస్తం.

ఒకరోజు పొద్దున ఆయన లోపలి అక్షరాలు కనపడటం లేదని భూతద్దం కొనుక్కురావడానికి బజారుకు పోయాడు. పోయేముందు ప్లగ్గుకు రేకు బోర్డు కట్టిపోయాడు. బజారులోనే గుండె ఆగింది.

ఆ బోర్డు నేను వెళ్ళినప్పుడు కూడా ప్లగ్గుకే ఉంది. నూనె డబ్బా రేకు కత్తిరించి, ఎర్ర రంగు వేసి, తెల్ల అక్షరాలతో రాశాడు. ‘పని మీద మనుషులున్నారు. స్విచ్చు వేయకండి.’ కింద ఆయన పేరు. బాయిలో పద్ధతే అది. ఎవరు పని మీద ఉంటే వాళ్ళు స్విచ్చుకు తమ బోర్డు తగిలిస్తారు. తగిలించినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తియ్యకూడదు.

నేను అది తెలియక, మూత విప్పడానికి అడ్డమొస్తుందని బోర్డు మీద చెయ్యి వెయ్యబోయాను. అవ్వ క్రోషా సూదితో నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

“పెట్టినోడే తియ్యాలె.”

“మరి ఆయన…”

“పెట్టినోడే తియ్యాలె అన్న గద కొడుకా. సామాను చూడు.”

అదీ మా మొదటి రోజు. ఆ క్రోషా సూదే ఆమెకు చూపుడువేలు. కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, సూది కొనతో ఒక ముక్కను చూపించి, “గిదేంది?” అనేది. పేరు చెప్పాలి. పేరు చెప్పి ఊరుకుంటే కుదరదు, అదేం పని చేస్తుందో కూడా చెప్పాలి. విని, లోలోపల రెండుసార్లు అనుకుని, ప్లాస్టరు ముక్క చించి, ఆదివారం బడి పిల్లల్లాగ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అంటించేది. నేను ఉత్సాహంగా పక్కదాని మీదికి పోబోతే గుడ్డ కప్పేసేది.

“ఒక్కసారికి ఒక్కటే.”

“అవ్వా, అన్నీ ఒక పూటలో అయిపోతయ్. నాకు దుకాణం ఉంది.”

“పనిని తొందరపెట్టద్దు. ఆయన సుత రోజుకొక్కటే చూసేటోడు. చాయ్ తాగి పో.”

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒక్క ముక్క పేరు చెప్పడానికి బండి వేసుకుని అంత దూరం. రెండు మూడు సార్లయ్యాక అర్థమైంది. ఆమెకు పిల్లల్లేరు. నస్పూర్‌లో అక్క కూతురొకతె ఉంది, ఆమె క్రిస్మస్‌కు వచ్చి పోతుంది. చర్చి ఆదివారం. మిగతా వారమంతా ఆ ఇంటి తలుపు తట్టేది పాలబ్బాయి ఒక్కడే. ఆ పెట్టెలోని పేర్లన్నీ నేను ఒక్క పూటలో చెప్పేస్తే, మళ్ళీ ఆ ఇంటికి పోవడానికి నాకేం పని? ఆమె సామాను పొదుపుగా వాడుకుంటోందని తెలిశాక నాకు తొందర పోయింది. పని లేని మధ్యాహ్నాల్లో నేనే పోయేవాణ్ణి.

రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బండలు పేల్చే బ్లాస్టింగ్ ఉండేది. నేల కింద నుంచి ధడధడమని వచ్చి, కిటికీలు, చాయ్ గ్లాసులు వణికి ఊరుకునేవి. ఆ వేళకు ఆమె ఏం మాట్లాడుతున్నా సరే, చెయ్యి దానంతట అదే పోయి ఆ కంప్యూటరు మీద ఆనేది. వణుకు ఆగేదాకా అట్లాగే పట్టుకుని, చెయ్యి తీసి, ఆపిన మాట దగ్గరి నుంచి మళ్ళీ మొదలుపెట్టేది. ఆ చెయ్యి వెనక్కి తీసుకునే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. జ్వరం పిల్లవాడి నుదురు మీద నుంచి తీసినట్టు తీసేది.

ఆయన అంటించిన ప్లాస్టర్లు నాకు పెద్ద కాలక్షేపం. తెలిసినవాటికి సరైన పేర్లే ఉన్నాయి. తెలియనివాటికి బాయి భాష వాడాడు. వరుసగా ఒకే తీరుగా ఉన్న ఎనిమిది చిప్పుల పక్కన ‘గ్యాంగు, పనేందో తెల్వది’ అని రాసి ఉంది. బొగ్గు నింపే కూలీల గ్యాంగులాగ కనిపించి ఉంటుంది. అది మెమరీ అని చెప్పాను. నడుస్తున్నంతసేపు అన్నీ గుర్తుపెట్టుకుంటుంది, కరెంటు పోతే అంతా మర్చిపోతుందని చెప్పాను.

“అన్ని మర్చిపోతదా?”

“అన్నీ. ఒక్క అక్షరం మిగలదు.”

“గసొంటి నెత్తి నాకిస్తే బాగుండు దేవుడు,” అంది. నవ్వుతూనే అంది. నేను చాయ్ గ్లాసు ఎత్తుకున్నాను.

ఇంకోసారి మెరుస్తున్న చిన్న లోహపు బిళ్ళను చూపించింది. అది క్రిస్టల్, పాటకు వేసినట్టు మొత్తం పనికి తాళం వేసేది అదే, దాని దెబ్బకే మిగతావన్నీ కదులుతాయి అన్నాను. ఆయా కదా, వెంటనే పట్టేసుకుంది. “అంటే నాడి. ఎంత కొట్టుకుంటది?” అని అడిగింది. సెకనుకు లక్షల సార్లు అన్నాను. సూది పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “బతుకనియ్యదు గది ఎవ్వల్ని,” అని ప్లాస్టరు మీద ‘నాడి’ అనే రాసింది. నేను చెప్పిన పేరు నచ్చకపోతే అట్లా మార్చేసేది.

అన్నిటికీ ఒకటే అడ్డం. మూలన ఒక రేకు డబ్బా. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, అన్ని వైపులా మూసేసి టంకం పెట్టి ఉంది. ఒక పక్క గుండ్రటి బొక్క. దాని దగ్గర ఆయన ప్లాస్టరు మీద ‘ఎఫ్ఎల్‌పీ, తెరవద్దు’ అని ఉంది. బాయిలో గ్యాసు ఉంటుంది కాబట్టి స్విచ్చులన్నీ దిట్టమైన ఇనప డబ్బాల్లో పెడతారు, లోపల నిప్పు రవ్వ పుట్టినా బయటికి రాకుండా. వాటినే ఆయన లాంటివాళ్ళు ఎఫ్ఎల్‌పీ అంటారు. కరెంటు సామాను చుట్టూ రేకు మూసి ఉందంటే అది మంటను ఆపడానికే అని ఆయన అనుకున్నాడు. భూమి కింద బతుకంతా గడిపిన మనిషికి వేరే కారణం ఎట్లా తడుతుంది?

“నిజమేనా?” అని అవ్వ అడిగేది.

ఇంట్లో వాడుకునే దాంట్లో మంటను ఆపే డబ్బా ఎందుకుంటుందని నాకు అనుమానమే. కానీ అదేమిటో నాకూ తెలియదు. నేను నేర్చుకున్న కంప్యూటర్లలో అటువంటిది లేదు. ఒకసారి పవర్ సప్లై అన్నాను, మరుసటిసారి కాదన్నాను. “తెల్వకపోతే తెల్వదు అను. డాక్టర్లు సుత అంటరు,” అని గుడ్డ కప్పింది. మిగతా పేర్లన్నీ ఒక్కొక్కటే అయిపోయాయి. డబ్బా ఒక్కటి మిగిలింది.

తెలంగాణ కావాలని బాయిలు కూడా బందు పెట్టిన సమ్మె రోజులొచ్చాయి. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. దుకాణం మూసి, సామాను కోసమని మంచిర్యాల పోయినప్పుడు ఒక ముసలి టీవీ మెకానిక్ దగ్గర కూర్చుని, మాటల్లో ఆ డబ్బా సంగతి చెప్పాను. మూసిన రేకు, ఒక బొక్క, అందులోంచి వైరు టీవీకి పోతుంది. ఆయన పనిలోంచి తల కూడా ఎత్తలేదు.

“బొమ్మను టీవీకి పంపేది గది. టీవీ స్టేషన్ లేదా, గసొంటిదే, చిన్నగ. ఒక్క టీవీకే స్టేషన్. పక్కింటి టీవీల రాకుంట సుట్టూ రేకు.”

మరుసటి రోజు పోయి చెప్పాను. గొప్ప పని చేసినట్టు గుమ్మంలోనే చెప్పాను. అవ్వ నన్ను కూర్చోమనలేదు. బల్ల దగ్గరికి పోయి గుడ్డ తీసి ఆ డబ్బా వంక చూస్తూ నిలబడింది.

“మంటను ఆపేది గాదా?”

“కాదవ్వా.”

“పక్కాగ?”

“పక్కా.”

“అంటే ఆయన తప్పు రాసిండు,” అంది. ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది, పడుచుపిల్ల ముఖంలా అయింది. “సంసారం చేసినన్ని దినాలు ఒక్క తప్పు దొరకనియ్యలే కొడుకా. కూరల ఉప్పు కాడికెళ్ళి బస్సు టైము దాక అన్నిట్ల ఆయన చెప్పిందే కరెక్టు. ఒక్కసారన్న తప్పు పట్టుకుందామని ఎంత చూసిన. ఇగో, ఇప్పుడు దొరికిండు.”

నవ్వుతూ వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మం వైపు తిరిగింది. నోరు తెరిచింది కూడా. ఎవరికో చెప్పబోయి, ఆగిపోయింది. ఆ నవ్వు ముఖం మీద అట్లాగే కాసేపు ఉండి, మెల్లగా పోయింది.

“దొరికిండు గని, చెప్పుదామంటె మనిషి లేకపాయె,” అని పీట మీద కూర్చుంది.

నేను చాలామంది ఒంటరివాళ్ళను చూశాను. ఆ పూట ఆమెను చూసినంత ఒంటరిగా ఇంకెవర్నీ చూడలేదు. ఏదైనా చెయ్యాలనిపించింది. నాకు తెలిసింది ఒక్కటే కదా, నడిపించడం.

“పేర్లన్నీ అయిపోయినయ్ అవ్వా. ఇప్పుడు కరెంటు ఉంది, మళ్ళ పోతది. టీవీకి పెట్టి చూద్దామా? నడుస్తదేమో.”

అవ్వ పీట మీంచి లేచి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. మూత పెట్టి మరలు బిగించమంది, బిగించాను. టీవీ వైరు కలిపాను. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. రేకు బోర్డు దానికే ఉంది.

“బోర్డు తియ్యాలంటె ఒక పద్ధతుంది,” అంది. “పిలవాలె. పని మీదున్నోడు బయటికొచ్చిన అని తన నోటితోని చెప్పాలె. ఆయన చెప్పంగ విన్న.”

ఆమె వంటింటి వైపు తిరిగి, మామూలుగా, అన్నానికి పిలిచే గొంతుతోనే పిలిచింది.

“ఏమయ్యో, బయటికొచ్చినవా?”

ఇద్దరం నిలబడ్డాం. అది బ్లాస్టింగ్ వేళ. అలవాటుగా ఆమె చెయ్యి పోయి కంప్యూటరు మీద ఆనింది. సమ్మె కదా, ఆ రోజు బ్లాస్టింగ్ కూడా లేదు. గ్లాసులు కదల్లేదు. ఎక్కడా చప్పుడు లేదు. ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను, చూస్తుండగానే పైన ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. కరెంటు పోయింది.

“జవాబు రాలే,” అంది అవ్వ. “జవాబు రాకపోతె వెయ్యద్దు.”

ప్లగ్గును మెల్లగా బల్ల మీద పెట్టింది. నేను టీవీ వైరు ఊడదీశాను. మనిషి పోయాడు, ఇంక జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? ఆమెకు మాత్రం తెలియదా?

తర్వాతిసారి పోయేసరికి మూత మళ్ళీ విప్పి ఉంది, ప్లగ్గుకు రెండు రేకులు వేలాడుతున్నాయి. రెండోది కొత్తది, డబ్బా మూత కత్తిరించింది, అంచులు వంకర. దాని మీద అవే మాటలు ఆమె లావు అక్షరాల్లో ఉన్నాయి. కింద ఆమె పేరు. “ఇద్దరం పని మీదున్నప్పుడు రెండు బోర్డులుండాలె గద,” అంది, అదేదో నాకు తెలిసుండాల్సిన సంగతైనట్టు. రేకు డబ్బా పక్కన ఆయన రాసిన ప్లాస్టరు అట్లాగే ఉంచింది. దాని కిందే తనది అంటించింది. ‘తప్పు. టీవీ స్టేషన్.’

ఇక పేర్లు లేవు కదా, నేనింకెందుకు వస్తానని ఆమె భయపడినట్టుంది. నేను చాయ్ తాగి లేవబోతుంటే గుడ్డ తీసింది. క్రోషా సూది పట్టుకుని, మొట్టమొదటి రోజు నేను చెప్పిన పెద్ద చిప్పును చూపించింది.

“గిదేంది కొడుకా?”

“అవ్వా, ఇది…”

“మర్చిపోయిన. నెత్తిల కరెంటు వోయింది.”

ఆమె ఏదీ మర్చిపోలేదు. ఆ చిప్పు పక్కన ఆమె చేతిరాతే ఉంది. నేను మళ్ళీ కూర్చుని, కొత్తగా చెప్పినట్టే చెప్పాను. ఆమె కొత్తగా విన్నట్టే విని, రెండుసార్లు అనుకుంది. ఒక్కసారికి ఒక్కటే. ఆ లెక్కన రెండో చుట్టు మొత్తం చెప్పాను. మూడో చుట్టులో ‘గ్యాంగు’ దాకా వచ్చాం.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో ఆమె నిద్రలోనే పోయింది. పాలబ్బాయి వచ్చి తలుపు కొడితే తెలిసింది. చర్చి వెనక ఆయన పక్కనే పెట్టారు. కొన్నాళ్ళకు నస్పూర్ అక్క కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ, ఆ కంప్యూటరును అల్లిక గుడ్డతో సహా ఆటోలో మా దుకాణానికి తెచ్చింది. “పిన్ని నీకే ఇమ్మని చెప్పింది అన్నా,” అంది. బల్ల మీద పెట్టాము. ప్లగ్గుకు రెండు రేకులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి.

ఆ పిల్ల గుడ్డ ఎత్తి, కీలు ఒకటి రెండు నొక్కి చూసింది.

“పిన్ని దీని ముచ్చట తప్ప ఇంకోటి చెప్పకపోతుండె. అసలు నడుస్తదా అన్నా ఇది?”

“తెల్వదమ్మా.”

“కరెంటు ఉంది గద. ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడరాదు?”

నేను ప్లగ్గును చేతిలోకి తీసుకున్నాను. మనసులో అవ్వను పిలిచాను కూడా. కాసేపు ఆగి, రేకులు నలగకుండా వైరు చుట్టి, గుడ్డ కప్పాను.

“వద్దమ్మా,” అన్నాను. “పని మీద మనుషులున్నరు.”